రోడ్లు తెరుచుకుంటే

ఎముకల డాక్టరు పట్టపగలు కుర్చీలోనే కునుకు తీస్తున్నాడు. లాక్‌డౌన్ మొదలయ్యాక విరగడానికి ఎముకలే దొరకడం లేదు. బళ్ళు లేవు, గుద్దుకోవడాలు లేవు. కాలు పెట్టడానికి చోటుండని క్యాజువాలిటీలో ఇప్పుడు మంచాలన్నీ ఖాళీ.

అందరికీ హాయిగానే ఉంది, ఒక్క అంబులెన్సు డ్రైవరుకి తప్ప. కడిగిన బండినే మళ్ళీ కడిగి, గేటు దగ్గర నిలబడి ఖాళీ రోడ్డు వంక చూసేవాడు. ఎక్కడైనా సైరన్ వినిపిస్తుందేమోనని చెవులు రిక్కించేవాడు.

"జనం కాళ్ళూ చేతులూ విరగ్గొట్టుకోవట్లేదని బెంగా అన్నా నీకు?" అని నర్సు ఆటపట్టించింది.

అతను నవ్వలేదు. నర్సు వెంటనే నాలుక కరుచుకుంది. అతని ఒక్కగానొక్క కూతురు అదే ఆస్పత్రిలో, మూడో అంతస్తు గుండె వార్డులో ఉంది. పదో తరగతి చదవాల్సిన పిల్ల పక్క మీద లేచి కూర్చుంటేనే ఆయాసపడుతోంది. ఆపరేషన్ అయితే బతుకుతుంది. లేకపోతే ఎన్నాళ్ళో ఉండదు. ఆపరేషన్లన్నీ ఎక్కడివక్కడ ఆగిపోయిన రోజులవి. గుండె డాక్టరు కనిపించినప్పుడల్లా అతను చేతులు కట్టుకుని నిలబడేవాడు. ఆయన భుజం తట్టి ఒకటే మాట చెప్పేవాడు.

"రోడ్లు తెరుచుకోనీ. అంతవరకూ మన చేతుల్లో ఏమీ లేదు."

ఒక మధ్యాహ్నం ఫోను మోగింది. బడి లేక, ఇంట్లో పొద్దుపోక మేడ మీద తాడాట ఆడుకుంటున్న పిల్ల పిట్టగోడ మీంచి కింద పడింది. తలకి దెబ్బ. డ్రైవరు పరుగున వెళ్ళి బండి తీశాడు. అక్కడికి వెళ్ళాక పిల్లని వెనక నర్సు దగ్గర పడుకోబెట్టి, తల్లిని ముందు తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

పాపకి ఎన్నేళ్ళని అడిగాడు. తన కూతురి ఈడే. బ్లడ్ గ్రూపు తెలుసా అని అడిగాడు. ఆమె ఏడుస్తూనే చెప్పింది. అదీ తన కూతురిదే.

పెద్ద కూడలిలో ఎర్రలైటు పడింది. నాలుగు వైపులా పురుగన్నది లేదు. అయినా బండి ఆగింది.

తల్లికి అర్థం కాలేదు. లైటు వంక చూసింది, అతని వంక చూసింది. అతను అద్దంలో, వెనక పడుకున్న పిల్ల వంకే చూస్తున్నాడు.

"ఆగావేం బాబూ? ఎవరూ లేరుగా. పోనీ నాయనా, నీకూ పిల్లలుండే ఉంటారు."

అతను ఉలిక్కిపడ్డాడు. ఇక బండి ఎక్కడా ఆగలేదు.

క్యాజువాలిటీలో చేతులు ఖాళీగా ఉన్న డాక్టర్లంతా ఒక్కసారిగా పిల్లని చుట్టుముట్టారు. మామూలు రోజుల్లో అయితే ఆపరేషన్ బల్ల దొరికేలోపే అంతా అయిపోయేదని, ఈ పిల్లకి భూమ్మీద నూకలున్నాయని పెద్ద డాక్టరు అన్నాడు. సమయానికి తెచ్చావని డ్రైవరుని మెచ్చుకున్నాడు.

ఆ పిల్ల కళ్ళు తెరిచింది. అదే వారంలో, పైన, డ్రైవరు కూతురు కన్నుమూసింది. లాక్‌డౌనే పొట్టన పెట్టుకుందని ఆస్పత్రిలో అందరూ కంటతడి పెట్టారు. అతను కూతుర్ని తన బండిలోనే తీసుకెళ్ళాడు. సైరన్ వెయ్యలేదు. ఇంట్లో ఉండలేక మళ్ళీ డ్యూటీకి వచ్చేశాడు.

ఆ తల్లికి ఇవేవీ తెలియవు. పిల్లని ఇంటికి తీసుకెళ్ళే రోజున అతన్ని వెతుక్కుంటూ వచ్చి, మాస్కు వెనక ఏడుస్తూ దూరం నుంచే దణ్ణం పెట్టింది.

"నీ మేలు ఈ జన్మకి మరిచిపోను. నీ బిడ్డలు చల్లగా ఉండాలి నాయనా."

"పాపని మేడ మీదకి పంపకండమ్మా," అని మాత్రం అన్నాడు.

ఏ యాక్సిడెంటులోనైనా దొరక్కపోతుందా, తన కూతురికి అమర్చకపోతారా అని అతను రోజూ ఎదురుచూసిన గుండె, అమ్మ చెయ్యి పట్టుకుని మెల్లగా నడుచుకుంటూ గేటు దాటి వెళ్ళిపోయింది.