మిగిలిన క్లాంపు

"ఇంకా ఎంతసేపు నలుపుతావయ్యా దాన్ని? గాలి లేచేలా ఉంది," అంది మర్లిస్, షెడ్డు గుమ్మంలో కాఫీ ఫ్లాస్కుతో నిలబడి.

ఆమె భర్త ఆర్విడ్ తల ఎత్తలేదు. పాత వాటర్ స్కూటర్ సీటు ఊడదీసి, మోచేతుల దాకా ఇంజనులో దూర్చి ఉన్నాడు. ఆయిలు గొట్టాలు పెళుసెక్కి, వంచితే విరిగిపోతున్నాయి. అన్నీ కోసి పారేసి కొత్తవి తొడిగాడు. ప్రతి కొసా ఊడకుండా ఒక క్లాంపు బిగించాడు.

"తొందరపెట్టకు. ఒక్క గొట్టం ఊడిందా, ఇంజనుకి ఆయిలు అందదు. నడి సరస్సులో బిగుసుకుని పట్టేస్తుంది. ఇక నువ్వూ, నీళ్ళూ."

"క్లాంపులు సరిపోయాయిగా? కొట్లో లెక్కపెట్టి మరీ తెచ్చాను. ఒకటి తక్కువ కాదు, ఒకటి ఎక్కువ కాదు."

"సరిపోయాయిలే."

ఆమె బల్ల మీది రెంచీలు సర్ది, నూనె గుడ్డ పరిచింది. అతడు గొట్టాల్లో గాలి బుడగలు పోయేదాకా ఆయిలు కారనిచ్చి, టార్చి వేసి మళ్ళీ చూసుకుని గాని సీటు బిగించలేదు.

రెండేళ్ళ కిందట అతని తమ్ముడు లైల్ ఈ సరస్సులోనే మునిగిపోయాడు. ఆనాటి నుంచీ ఆర్విడ్ నీళ్ళలో పాదం పెట్టలేదు. ఊళ్ళోవాళ్ళ బోట్లన్నీ బాగుచేస్తాడు, గట్టు మీదే. అతని తెడ్ల పడవ గడ్డిలో బోర్లా పడి ఉంది. "నువ్వూ రారాదూ" అని అడగడం మర్లిస్ ఎప్పుడో మానేసింది.

"నా లైఫ్ జాకెట్ తీగ మీద ఆరేశావేం?"

"బూజు పట్టింది. పారెయ్యమంటావా?"

ఆర్విడ్ ట్రైలరు మీది స్కూటర్‌కి తాళ్ళు బిగించాడు.

ట్రైలరును నీళ్ళలోకి దింపింది కూడా ఆమే. ఆమె స్టార్ట్ చేసి బయల్దేరగానే స్కూటర్ వెనక నీలం పొగ లేచింది. ఆయిలు అందుతోందన్నమాట. ఆర్విడ్ ఊపిరి పీల్చుకుని, బల్ల తుడుద్దామని గుడ్డ ఎత్తాడు.

కింద కొత్త క్లాంపు.

ఏ గొట్టానికి పెట్టలేదు? పంపు దగ్గరదా? అడుగుదా? ఫోన్ చేశాడు. అది వంటింట్లో మోగింది. గట్టుకు పరిగెత్తి, "మర్లిస్! ఆపెయ్!" అని గొంతు చించుకున్నాడు. ఆ ఇంజను మోతలో ఎవరికి వినబడుతుంది?

అంతలో మోతే ఆగిపోయింది.

నడి సరస్సులో ఆమె చుక్కలా ఉంది. గాలికి రెల్లు వైపు కొట్టుకుపోతోంది. లైల్ దొరికింది అక్కడే.

"స్టార్టవ్వు... స్టార్టవ్వవే తల్లీ..." అని గట్టు మీద గొణిగాడు.

కాలేదు.

తీగ మీది జాకెట్ లాక్కున్నాడు. పడవ తిరగేసి నీళ్ళలోకి తోశాడు. చల్లటి నీళ్ళు బూట్లలోకి దూరాయి. అయినా ఎక్కాడు. తెడ్లు వేస్తూ, మెడ తిప్పి తిప్పి చూస్తూ, రొప్పుతూ వెళ్ళాడు.

మర్లిస్ సీటు మీద కాళ్ళు వేలాడేసుకుని కూర్చుంది.

"పట్టేసిందా?"

"లేదు. నేనే ఆపాను."

"ఆపావా! పిచ్చెక్కిందా నీకు?" అరచెయ్యి తెరిచాడు. "ఇది మిగిలిపోయింది మర్లిస్. ఎక్కడో మర్చిపోయాను. నిన్ను చంపేసేవాణ్ణి."

ఆమె పడవ అంచు పట్టి దగ్గరికి లాక్కుంది. ఫ్లాస్కు తీసి, వెంట తెచ్చిన రెండో కప్పులో కాఫీ వంచి అతని చేతికిచ్చింది.

"ఒకటి ఎక్కువే కొన్నాను. దాన్ని గుడ్డ కింద పెట్టింది నేనే."