గది పందెం

"మీరు వాయించేది ఒక్క పాటలోనైనా నా చెవిన పడాలి. పడిందా, ఇంట్లో ఆ గది మీదే. పడలేదా, ఇవాళే ఈ సామానంతా గదిలోంచి బయటికి, నా కుట్టుమిషను లోపలికి" అంది లైబ్రేరియన్ భార్య, పబ్బు తలుపు ఒక చేత్తో తెరిచి పట్టుకుని.

లైబ్రేరియన్ తలూపాడు. మాట్లాడే ఓపిక ఎక్కడిది? చేతుల్లో చిన్నసైజు బీరువా అంత స్పీకరు, వీపున బేస్ గిటారు, మెడలో వైర్ల చుట్ట. పెళ్లయిన పదకొండేళ్లలో ఆవిడ అతని కచేరీకి రావడం ఇదే మొదలు. అదీ పందెం కట్టి మరీ వచ్చింది.

వారమంతా "నిశ్శబ్దం పాటించండి" అన్న బోర్డు కింద కూర్చునే మనిషికి ఆదివారం మధ్యాహ్నమైనా నలుగురికీ వినపడాలని ఉండదూ? ఉంటుంది. కాని పాపం, ఎంచుకున్నది పాట అడుగున గుంయ్‌మంటూ ఉండే బేస్ గిటారు. ఇంట్లో రోజూ వంట చేసే మనిషిని ఎవరు పట్టించుకుంటారు గనక, దీన్ని పట్టించుకోవడానికి!

బాత్రూం తలుపు పక్కన మూడు బల్లలు జరిపి, ఖాళీ అయిన చోటునే స్టేజీ అన్నారు. పాడేది ఒక ఇన్సూరెన్స్ ఏజెంటు. మైకు పట్టుకుంటే వదలడు కాబట్టి అందరూ అతన్ని మైకు అంటారు. డ్రమ్ములు పళ్ల డాక్టరువి. లైబ్రేరియన్ తీగలు శ్రుతిలో ఉన్నాయో లేదో చూసుకోవడానికి కాలి దగ్గరున్న చిన్న పెట్టెను బూటుతో నొక్కాడు. నాలుగో తీగ సరిచేశాడో లేదో, మైకు "ఒన్, టూ, త్రీ" అనేశాడు.

భార్య రెండో బల్ల దగ్గర నిమ్మరసం గ్లాసుతో కూర్చుంది. కొత్త బట్ట కొనేముందు దారాలు పరీక్షించే చూపు అది. మొదటి పాట అవగానే లైబ్రేరియన్ కనుబొమలెగరేశాడు, వినపడిందా అన్నట్టు. ఆవిడ పెదవి విరిచింది.

అతను వెనక్కి తిరిగి స్పీకరుకున్న ఆంప్లిఫయరు మీద శబ్దం పెంచే బటన్ను నాలుగు నుంచి ఆరుకు తిప్పాడు. రెండో పాటకి కాళ్లకింద నేల దడదడలాడింది. అదీ దెబ్బంటే అనుకున్నాడు. పాట మధ్యలో మైకు చెవి దగ్గరికొచ్చి విసుక్కున్నాడు.

"ఏంటి గురూ, కాస్త తగ్గించు. నీ బేసు మోతలో నా గొంతు నాకే వినపడట్లేదు!"

ఇంతకన్నా తీపికబురు ఉంటుందా? "తగ్గిస్తాలే" అని ఎనిమిదికి తిప్పాడు. నాలుగో పాటకల్లా పదిలో పెట్టాడు. ఇక ఆ బటను తిరగడానికి చోటు లేదు.

"ఇవాళ మనిద్దరం అచ్చుగుద్దినట్టు కుదిరాం" అన్నాడు పళ్ల డాక్టరు చెమట తుడుచుకుంటూ.

భార్య మాత్రం నిమ్మరసం పక్కన పెట్టేసి ఒకసారి అతని వేళ్లకేసి, ఒకసారి పైకప్పుకేసి చూస్తూ ఏదో లెక్కలేసుకుంటోంది. అయిదో పాట చివర మళ్లీ కనుబొమలెగరేశాడు. ఈసారి ఆవిడ గట్టిగా తలూపింది. లైబ్రేరియన్‌కు ఎగిరి గంతేయాలనిపించింది. మిగతా నాలుగు పాటలూ ఏనుగెక్కినంత సంబరంగా వాయించాడు.

జనం చప్పట్లు కొట్టారు. ఆంప్లిఫయరు కట్టేసి, వైర్లు పీకడానికి వంగాడు. వంగినవాడు అలాగే ఉండిపోయాడు.

చిన్న పెట్టె మీద ఎర్రలైటు వెలుగుతోంది.

తీగలు సరిచేసేటప్పుడు ఆ కీచుకీచులు జనానికి వినపడకుండా ఆ పెట్టె శబ్దమంతా మింగేస్తుంది. మళ్లీ ఒకసారి నొక్కితేగాని వదలదు. అతను మళ్లీ నొక్కనేలేదు. తొమ్మిది పాటలు! మరి నేల దడదడ? పళ్ల డాక్టరు పెద్ద డ్రమ్ము. మైకు గొంతును ముంచేసిన మోత? ఆ దేవుడికే తెలియాలి.

"అయిందా? పదండి. పందెం మీరే గెలిచారు" అంది భార్య దగ్గరికొచ్చి. "చక్కగా వినపడింది. గది మీదే."

నోరు మూసుకుంటే గది దక్కుతుంది. మూసుకోవాలనే చూశాడు. కాని ఈ స్పీకరు ఎవరో ఊరికే ఇచ్చారన్న ఒక్క అబద్ధం తప్ప ఆవిడతో ఏనాడూ అబద్ధమాడి ఎరగడు. రెండోది గొంతు దాటి రాలేదు.

"వినపడలేదు" అన్నాడు నీరసంగా. "ఇదిగో, ఈ పెట్టె ఆపేసింది. నాది ఒక్క ముక్క కూడా బయటికి రాలేదు."

"తెలుసు."

"తెలుసా? పక్కన నిలబడి వాయించినవాళ్లకే తెలీలేదే!"

"వాళ్లకేం తెలుస్తుంది? పదకొండేళ్లుగా గోడ ఇవతల కూర్చుని వింటున్నది నేను. రెండో పాటకే పోల్చుకున్నా, ఇందులో మీరు లేరని."

లైబ్రేరియన్‌కు కళ్లు చెమ్మగిల్లాయి. ఇంత లోకంలో తన బేసు లేదని కనిపెట్టిన మనిషి ఒక్కర్తే, అదీ తన భార్యే! ఆనందం పట్టలేకపోయాడు.

"అయితే గెలిచింది నువ్వు కదే. నా కోసం గది వదులుకుంటావా? నేనంటే నీకింత ప్రేమా?"

ఆవిడ వంగి స్పీకరు రెండో పక్క ఎత్తిపట్టుకుంది.

"సామాను గదిలోంచి బయటికొస్తే మీరు వాయించేది హాల్లోనేగా. పందెం కట్టేటప్పుడు అది తట్టలేదండీ. ఆ గదికైతే తలుపుంది!"