కిటికీ పడిన ఉత్తరం

“బాపు ఉత్తరం కోసినవా?”

సునంద చేతిలోని కాగితానికి అడుగున కత్తెర కోతతో కిటికీ లాంటి కంత పడింది. పట్నం మైదానంలో పిచ్ మీద రోలర్ లాగిన ఆమె తండ్రి మల్లేశయ్యకు, ఒకప్పటి పేరున్న బ్యాట్స్‌మన్ రాసిన ఉత్తరమది. తండ్రి పోయాక ఆమెకు మిగిలింది అదొక్కటే.

“సంతకమే కోసిన. కార్డుల అతికిస్తే సిటీల ఆటగాళ్ల సంతకాలు జమచేసేటోళ్లు ఎగబడి కొంటరు. మిగిలింది ఉత్త ముచ్చటే గద,” అన్నాడు దేవేందర్. రావిర్యాలలో ఎకరాలనే ప్లాట్లుగా కోసే మొగుడికి కాగితం ఒక లెక్కా!

“ఆ ముచ్చట చదివినవా?”

“సంతకం కనవడ్డంక చదువుడెందుకే?”

“అవ్, నీ అసొంటి తెలివిగల్లోళ్లకు చదువుతోని ఏం పని? నేను చదువుత, ఇను.”

‘మల్లేశయ్యా, నా చెయ్యి విరిగిన నాటినుంచి రోజూ దవాఖానకు సద్ది తెచ్చావు. ఇంకా వేళ్లు కదలడం లేదు. నేను చెబుతుంటే మా ఆవిడ రాస్తోంది. సంతకం కూడా ఆమే పెడుతుంది.’

దేవేందర్ చేతిలోని సంతకం ముక్కను తిప్పి చూశాడు. “అంటే, మీ బాపు ముప్పై ఏండ్లు దొంగ సంతకం దాచిండా?”

“బాపు ఉత్తరం దాచుకుండు. సంతకం దాని ఎంబడి వచ్చింది.” సునంద చెయ్యి చాపింది. “ఆ ముక్క ఇటియ్యి, మల్ల అతికిస్త.”