ఒక్కో బకెట్టు బూడిద

"బ్లూబెర్రీ పొదల ఆకులు పాలిపోతున్నాయి అన్నా. వదిన వీటికి ఏం వేసేది?" అని గడప అవతలే నిలబడి అడిగాడు తమ్ముడు ఆరిన్.

మూడేళ్ళకు మా మెట్లెక్కాడు. నా భార్య లెట్టీ చివరి రోజుల్లో మంచాన పడి ఉండగా, నేను వేటకు వెళ్ళిన పూట, ఆమె పెంచిన ఆరు పొదలు తవ్వుకుపోయిన దొంగ వీడే.

"పొయ్యి బూడిద. ప్రతి పొద మొదట్లో ఒక్కో బకెట్టు గుమ్మరించు," అన్నాను.

పుల్లటి నేలలో బతికే పొద అది. బూడిద పడితే చస్తుంది. పడవలు తప్ప మరేమీ ఎరగని వీడికి ఆ సంగతి తెలియదనుకున్నాను.

"వదిన పైన్ ఆకులు వేసేది కదన్నా."

"తెలిస్తే నన్నెందుకు అడిగావురా?"

"అడగమంది వదినే. మీరిద్దరూ పోట్లాడుకున్న మర్నాడు, నువ్వు నాలుగు పొదలకు బూడిద పొయ్యడం కిటికీలోంచి చూసిందట. మిగిలిన ఆరూ తవ్వుకెళ్ళి నన్ను దాచమంది."

ఆ నాలుగూ తెగులొచ్చి పోయాయని లెట్టీకి నేనే చెప్పాను. "అలాగా," అంది, అంతే.

"మూడేళ్ళాగి అడగమంది. నువ్వు పైన్ ఆకులని చెబితే పొదలు తిరిగిచ్చెయ్యమంది."

"బూడిదంటే?"

ఆరిన్ మెట్లు దిగాడు. వాడి బండి వెనక, తడి గోనెల్లో వేళ్ళు చుట్టిన ఆరు పొదలున్నాయి. ఒక్క ఆకూ పాలిపోలేదు.

పొదలతోనే బండి వెనక్కి తిప్పుకున్నాడు.