కాలువ ఇవతల

"మా లిస్టులో మీ ఊరు కూడా ఉందక్కా," అంది డబ్బు పంచే సంస్థ నుంచి వచ్చిన సర్వే అమ్మాయి.

చాప అల్లుతున్న ఆవిడ చెయ్యి తుంగ మీదే ఆగిపోయింది. మగ్గానికి అటువైపు కూర్చున్న భర్త తలెత్తి చూశాడు. గుమ్మంలో ఉన్న అత్తగారు మాత్రం, "ఇంకోసారి చెప్పు తల్లీ, మంచి చెవి ఇటు తిప్పుకుంటాను," అంది.

కాలువ అవతలి ఊళ్ళో అప్పటికే డబ్బు పడుతోంది. నెలనెలా, ఇంటి ఆడవాళ్ళ ఫోన్లలోకి. దేనికి ఖర్చు పెట్టావని అడిగేవాళ్ళు లేరు, తిరిగి కట్టమనేవాళ్ళు లేరు. గడ్డి కప్పులు పోయి రేకులొచ్చాయి. ఒకావిడ కుట్టుమిషను కొంది. ఇంకొకావిడ ఏమీ కొనలేదు. ఏళ్ళ తరబడి సలుపుతున్న పన్ను పీకించుకుని, హాయిగా నిద్రపోయింది. అరువుకొచ్చేవాళ్ళు లేక కొట్టాయన ఈగలు తోలుకుంటున్నాడు.

సర్వే అమ్మాయి ట్యాబ్ తీసి ప్రశ్నలు మొదలుపెట్టింది. నిన్న ఏం తిన్నారు? ఎవరైనా ఆకలితో పడుకున్నారా? చివర్లో తెర మీద ఒక నిచ్చెన బొమ్మ. పై మెట్టు మంచి బతుకు, కింది మెట్టు అధ్వానం. ఇవాళ ఎక్కడున్నారు? వచ్చే ఏడాదికి ఎక్కడుంటారనుకుంటున్నారు?

"నాకసలే మోకాళ్ళ నొప్పులు. నన్ను ఎక్కించకు," అంది అత్తగారు. అందరూ నవ్వారు.

చాపలావిడ ఇవాళ్టికి కింది నుంచి రెండో మెట్టు చూపించింది. వచ్చే ఏడాది సంగతి అడిగితే కూతురి వైపు చూసింది. పది పాసైన ఆ పిల్లకి నర్సు చదువు మీద మనసు. ఆవిడ వేలు మెట్లన్నీ దాటుకుంటూ పైకి పోయింది.

మర్నాడే ఇటుకబట్టీ మేస్త్రీ అడ్వాన్సు పట్టుకుని వచ్చాడు. ఏటా ఆ రోజుల్లో ఇంటికి తాళం పెట్టి అందరూ బట్టీకి పోవడం మామూలే. సర్వే అమ్మాయి ఇంకా ఊళ్ళోనే ఉందని తెలిసి చాపలావిడ పరుగున వెళ్ళింది.

"ఏం చెయ్యమంటావమ్మా?"

"బట్టీకి పోతే పిల్ల చదువు అటకెక్కినట్టే కదక్కా. తొందరపడకండి. అవతలి వాళ్ళకి వచ్చినట్టే మీకూ వస్తుంది."

అలాగని ఆ అమ్మాయికి ఎవరూ చెప్పలేదు. తనే అనుకుంది.

మేస్త్రీని వట్టి చేతులతో పంపేశారు. భర్త పెరడు చదును చేసి రెండో మగ్గానికి చోటు సిద్ధం చేశాడు. ఇంట్లో సిగ్నల్ అందేది ఒక్కచోటే. అక్కడ దూలానికి చిన్న గుడ్డసంచీ వేలాడదీసి ఫోన్ అందులో పెట్టారు.

వానలొచ్చాయి. ఫోన్ మోగలేదు.

కాలువ మీదుగా రేకులు బిగించే సుత్తి చప్పుడు మాత్రం వినిపించేది. పొద్దస్తమానం. కొన్నాళ్ళకి అది ఆగిపోయింది. భర్తకి ఆగలేదు. చదును చేసిన చోట గొంతుక్కూర్చుని, "అదిగో, ఇంకో ఇల్లు," అనేవాడు. ఆవిడ చెవి ఒగ్గి వినేది. నీళ్ళ చప్పుడు తప్ప ఏమీ ఉండేది కాదు.

మరుసటేడు సర్వే అమ్మాయి వచ్చేసరికి కూతురికి కాలేజీలో సీటు పోయింది. ఇంట్లో ఒకపూట పొయ్యి వెలిగించడం మానేశారు. అయినా నిచ్చెన బొమ్మ రాగానే చాపలావిడ వేలు మళ్ళీ పై మెట్టు మీదే పెట్టింది.

ఆ అమ్మాయి వెళ్ళాక భర్త అడిగాడు. "అలా చెప్పావేంటి?"

"ఆశ లేదంటే, వీళ్ళకెందుకులే అనుకుంటారేమోనని."

ఆ ఏడు మేస్త్రీ పిలవడానికి రాలేదు. వీళ్ళే వెళ్ళి బతిమాలుకున్నారు. కూలి ఎంతో అతనే చెప్పాడు. ఎన్నాళ్ళు చెయ్యాలో కూడా అతనే చెప్పాడు.

మూడో ఏడు సర్వే అమ్మాయి వచ్చేసరికి గుమ్మంలో అత్తగారు ఒక్కతే ఉంది. లోపల మగ్గం తాళ్ళు విప్పేసి ఉన్నాయి. పెరట్లో చదును చేసిన చోట మోకాలెత్తు గడ్డి.

"ముగ్గురూ బట్టీలోనే ఉన్నారమ్మా. ఫోన్ నాకిచ్చి వెళ్ళారు. డబ్బు ఈ నంబరుకే కదా వచ్చేది! నాకు నొక్కడం తెలీదు. పొద్దుటి నుంచీ టింగుమని మోగుతూనే ఉంది. కాస్త చూసిపెట్టు."

సర్వే అమ్మాయి ఫోన్ అందుకుంది. నల్లగా, చల్లగా ఉంది. చార్జింగ్ ఎప్పుడో అయిపోయింది.

"అదిగో, మళ్ళీ మోగింది. విన్నావా?" అంది ముసలామె.

ఆ అమ్మాయి ఫోన్‌ని గుమ్మం మీద పెట్టింది. ట్యాబ్ తీసి ప్రశ్నల్లో పడింది. నిన్న ఏం తిన్నారు? ఆకలితో పడుకున్నారా? చివరికి నిచ్చెన బొమ్మ వచ్చింది.

ముసలామె దాన్ని చేత్తో పక్కకి జరిపింది.

"అది మా మనవరాలు ఎక్కాల్సింది కదమ్మా. అక్కడ ఇటుకలు మోస్తోంది. దాన్నే వెళ్ళి అడుగు."

సర్వే అమ్మాయి అట్నుంచి అటే ఆఫీసుకి వెళ్ళింది. సూపర్‌వైజరు మంచివాడే. ఆమె ముఖం చూసి ముందు కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇప్పించాడు. ట్యాబ్ తీసుకుని ఊరందరి జవాబులూ చూశాడు.

"మొదటి రెండేళ్ళూ ఆ ఊళ్ళో ఆశ ఎందుకు తగ్గలేదో అంతుబట్టక తల బద్దలు కొట్టుకున్నాం," అన్నాడు. "ఇప్పటికి లెక్క దారికొచ్చింది."

"సార్, వాళ్ళకి డబ్బు ఎప్పుడిస్తారు?"

ఆయన కళ్ళజోడు తీసి, అర్థంకానట్టు ఆమె వైపు చూశాడు.

"వాళ్ళకి డబ్బేమిటమ్మా, డబ్బు ఇవ్వకపోతే మనుషులు ఏమైపోతారో చూడ్డానికే కదా ఆ ఊరిని తీసుకున్నది!"