వంక లేని కాగితం

తుపాకీ కొనబోయేవాళ్ళ పాత కేసులు వెతికి, అమ్మవచ్చో లేదో దుకాణానికి చెప్పడం మా ఆఫీసు పని. మూడు రోజుల్లో మేం ఏమీ తేల్చకపోతే దుకాణంవాడు అమ్మేసుకోవచ్చు.

ఆ ఫైలుకు ఇవాళ మూడో రోజు.

“ఆ తుపాకీ కొనే ఆయన పొద్దుట్నుంచీ ఇక్కడే కూర్చుని నా ప్రాణం తోడేస్తున్నాడు మేడమ్. ఐదు కొట్టగానే ఇచ్చేస్తాను,” అన్నాడు దుకాణంవాడు ఫోనులో.

“కోర్టు రికార్డు ఇంకా రాలేదండీ,” అన్నాను. మూడు రోజులుగా అదే పాట.

నాలుగున్నరకు రికార్డు వచ్చింది. సూపరింటెండెంటు గారు నా వెనక నిలబడి చదివారు. భార్యను కొట్టాడని ఒక కేసు. దాని వెనకే, కేసు వద్దంటూ ఆ భార్య ఇచ్చిన రాజీ కాగితం.

“ఆవిడే వద్దంటే మనం ఏం చేస్తామమ్మా? కాదనాలంటే కారణం చూపించాలిగా. ఎంత పకడ్బందీగా రాశాడో చూడండి, వంక పెట్టడానికి సందు లేదు. ఎవరో ఆరితేరిన లాయరు.”

లాయరు కాదు. నిరుడు ఒక ఆదివారం మా వంటగదిలో కూర్చుని దాన్ని టైపు చేసింది నేను. ఇరవయ్యేళ్ళ గుమస్తాగిరీ అంతా అందులో గుమ్మరించాను. కాపురం నిలబడుతుంది, సంతకం పెట్టమని మా చెల్లి చేతికి పెన్ను ఇచ్చాను.

“మళ్ళీ మీద మీదకొస్తే, అక్కా?” అంది.

“నేను లేనూ?” అన్నాను.