లిఫ్ట్‌లో వేసిన ఒట్లు

మా ఆసుపత్రికి లిఫ్టులు రెండు. ఒకటి పనిచెయ్యదు. దానికి అంటించిన "రేపటికల్లా బాగుచేస్తాం" కాగితాన్ని మాత్రం మాసినప్పుడల్లా మారుస్తుంటారు. రెండోదాన్ని నేను నడుపుతాను. ఎనిమిది మందే పడతారు. తొమ్మిదో మనిషి "నేను సన్నగానే ఉంటాగా దోన్ నబోర్" అంటూ దూరతాడు. నబోర్ అంటే నేనే, దోన్ అంటే గారు అన్నట్టు. మెక్సికోలోని ఈ ప్వెబ్లా ఊళ్లో సన్నటి మనిషిని నేనింకా చూడలేదు.

ఆ మంగళవారం పొద్దున ఆరింటికి లిఫ్ట్‌లో నేను కాక ఒక్కతే ఉంది. యునువెన్. సర్జరీ వార్డులో మొదటి ఏడాది శిక్షణలో ఉన్న డాక్టరమ్మ. రెండో అంతస్తులో తలుపు తెరిచేసరికి ఎదురుగా డాక్టర్ లెయోబార్దో. ఆయనది అదే వార్డులో నాలుగో ఏడాది. అంటే కింది వాళ్లందరికీ దేవుడు. నూట పది కిలోల దేవుడు.

"ఏంటిది?" అన్నాడు లోపలికొస్తూ.

ఎక్కడా రాసిపెట్టలేదు గానీ మొదటి ఏడాది వాళ్లు లిఫ్ట్ ఎక్కకూడదు. మెట్లమీద పరిగెత్తాలి. దొరికితే ఆదివారం డ్యూటీ.

"ఈ అమ్మాయిని ఎలా ఎక్కించుకున్నారు దోన్ నబోర్?"

"పేషెంటనుకున్నాను డాక్టరుగారూ. మొహం అలా ఉంటే."

"దిగు. ఆరో అంతస్తుదాకా పరిగెత్తు."

ఆమె కదల్లేదు.

"వినపడదా?"

"చెవులు బాగానే ఉన్నాయి డాక్టర్" అని, ఎడమ పంట్లాం మోకాలిదాకా పైకి లాగింది. మోకాలి కింద కాలు లేదు. పెట్టుడు కాలు. అది తొడుక్కున్న చోట గుడ్డ మీద రక్తం.

తలుపు మూసి లిఫ్ట్ కదిపి, మూడో అంతస్తు దాటగానే ఆపేశాను. లోపల ఎవరైనా ఏడ్చేలా ఉంటే ఆపుతాను. బయటివాళ్లు అడిగితే పాత యంత్రం అంటాను.

"దరఖాస్తులో వైకల్యం ఉందా అంటే లేదని రాశాను" గబగబా చెప్పేసింది. "ఉందని రాస్తే పెద్ద డాక్టరు నన్ను కుర్చీలో కూర్చునే పనికేదో పంపేస్తారు. నాకు సర్జరీయే కావాలి. ఇంక మీ ఇష్టం."

లెయోబార్దో మూలుగుతూ మోకాళ్లమీద కూర్చున్నాడు. పెట్టుడు కాలు తీయించి గుడ్డ విప్పాడు.

"ఈ కట్టు ఎవరు కట్టారు?"

"నేనే."

"దరిద్రంగా ఉంది. రోగికి ఇలా కట్టుంటే నిన్ను ఈపాటికి ఇంటికి పంపేవాణ్ణి." జేబులోంచి కొత్త గుడ్డ తీసి, పసిపిల్లకి మేజోడు తొడిగినట్టు మెల్లగా చుట్టాడు. "నిన్న ఆపరేషన్‌లో ఐదు గంటలు నిలబడ్డావుగా. కదిలావా?"

"లేదు."

"రెండు కాళ్లున్న నీ తోటి గమాలియెల్ మూడుసార్లు గోడకి జారబడ్డాడు. వాడు సర్జరీకి పనికొస్తే నువ్వెందుకు పనికిరావు?"

అప్పుడేడ్చింది. నేను మీటల వైపు తిరిగి నిలబడ్డాను.

"చెప్పాలనిపించిన రోజున నువ్వే చెప్పుకుందువుగాని. నా నోటినుంచి రాదు. దోన్ నబోర్, మీ నోటినుంచి?"

లిఫ్ట్ గోడకి అంటించిన గ్వాదలూపే మేరీమాత బొమ్మ మీద ఒట్టేశాను.

మర్నాడు వార్డు బయట కాగితం పడింది. నాలుగో ఏడాది వాళ్లకి పొట్టలు పెరుగుతున్నాయి కాబట్టి ఇకనుంచి వాళ్లు మెట్లెక్కాలి, మొదటి ఏడాది వాళ్లు లిఫ్ట్ వాడుకోవచ్చు. కింద లెయోబార్దో సంతకం. తోటివాళ్లు ఆయన్ని పుట్టించినవాళ్లదాకా తిట్టారు. ఆయనే ముందు మెట్లెక్కాడు.

నేను సంబరపడ్డాను. ఒక్కరోజే. మర్నాటినుంచి మొదటి ఏడాది వాళ్లు తెల్లారకముందే వచ్చి లిఫ్ట్ ముందు నిలబడటం మొదలెట్టారు. హక్కొచ్చిందిగా మరి! వాళ్లకంటే చిన్నవాళ్లు, ఇంకా డాక్టరీ చదువుతున్న పిల్లలు కనబడితే "మెట్లు అటు" అని వేలు చూపిస్తారు. యునువెన్ వచ్చేసరికి లిఫ్ట్ నిండిపోతుంది. ఆమెకి చోటివ్వండి అంటే ఎందుకంటారు. ఎందుకో చెప్పకూడదు. ఆమె నవ్వేసి మెట్లవైపు వెళ్లిపోతుంది.

రెండు వారాలు చూశాను. ఉండబట్టలేక పక్కకి పిలిచాను.

"రేపు ఐదున్నరకి రా తల్లీ. ఖాళీ లిఫ్ట్ ఆపి ఉంచుతాను."

"వద్దు దోన్ నబోర్. పరిగెత్తితేనే పుండు పడుతుంది. నెమ్మదిగా ఎక్కితే నాకేం కాదు. అయినా లెయోబార్దో డాక్టర్ని మెట్లమీద ఒంటరిగా వదలమంటారా? మూడో అంతస్తులో ఊపిరాడక ఆగిపోయి, బూటు లేసు కట్టుకుంటున్నానంటారు. ఆయన బూట్లకి లేసులే లేవు! నేను పక్కనుంటే 'నీ కాలికి విశ్రాంతి కావాలి' అని కాసేపు కూర్చుంటారు. ఆయనతో అనకండేం. ఒట్టెయ్యండి."

వేశాను.

మధ్యాహ్నం లెయోబార్దో వచ్చి లిఫ్ట్ తలుపుకి జారబడ్డాడు. చొక్కా తడిసిపోయింది.

"నెలాఖరుదాకా బతికేలా లేను దోన్ నబోర్."

"ఆ కాగితం చింపేసి హాయిగా లిఫ్ట్ ఎక్కండి డాక్టరుగారూ."

"ఎలా ఎక్కను? ఆ పిల్ల ఒక్కతే మెట్లెక్కుతోంది. పడితే పట్టుకునేవాళ్లుండొద్దూ? తను మానేదాకా నేను మానను. తనతో అనకండేం. ఒట్టెయ్యండి."

వేశాను.

ఇప్పుడు రోజూ పొద్దున్నే నా లిఫ్ట్‌లో పదహారు పుష్టిగల కాళ్లు పైకెళ్తున్నాయి. పక్కన మెట్లమీద వీళ్లిద్దరూ ఒకరికోసం ఒకరు ఎక్కుతున్నారు. మాతేమో నాకేసే చూస్తోంది. మీరంతా చదువుకున్నవాళ్లు, కాస్త చెప్పండి బాబూ, ఈ మూడింట్లో ఏ ఒట్టు తీసి గట్టుమీద పెట్టమంటారు?